కిర్రు చెప్పుల కాపురం

వాన పడ్డ రాత్రి యల్లమంద ఊళ్ళోనే ఉన్నాడని పక్కింటి రత్తమ్మ బోరింగు దగ్గర ఒట్టేసి చెప్పిందట. కళ్ళతో చూడలేదు గానీ చెవులారా విన్నదట. అంత జోరు వానలోనూ అతని చెప్పులు కిర్రు కిర్రుమంటూ కల్లం వైపు పరుగెత్తాయట. కాదు, అదే రాత్రి అదే వేళకు యల్లమంద దగ్గర్లోని టౌను పేటలో, బైపాసు పక్కన రేకుల షెడ్డులో పేక ముక్కలు పంచుతున్నాడని రత్తమ్మ మరిది ఒట్టేశాడట. అతను కళ్ళతోనే చూశాడట. 'నువ్వక్కడికెందుకెళ్ళావురా' అని మరిదిని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. ఈ రెండు ఒట్లూ బిందెల్లో నీళ్ళతోపాటు ఇంటింటికీ చేరి, సాయంత్రమయ్యేసరికి, యల్లమంద ఒకేసారి రెండు చోట్ల కనపడే విద్య నేర్చుకొచ్చాడంట అనేదాకా పోయింది కథ.

రెండు ఒట్లూ నిజమే. విద్య మాత్రం యల్లమందది కాదు, నాది.

నేను ఒక జత కిర్రు చెప్పులను. ఇద్దరిమైనా 'నేను' అనే అంటాను, ఒంటి చెప్పును చూసి ఎవరూ దాని కథ అడగరు కనుక. మనుషులకు ఎవరి చేతనైనా మాట్లాడించాలనిపిస్తే 'చెప్పు' అంటారు. నా పేరూ అదే. అయినా ఇన్నేళ్ళలో ఒక్కరూ నా వైపు చూసి చెప్పమనలేదు. అందుకే అడక్కుండానే చెబుతున్నాను.

నన్ను కన్నది ఒక దున్నపోతు. అది బతికినన్నాళ్ళూ బండి లాగింది. చచ్చాక కూడా నడక తప్పలేదు, నా రూపంలో. మాదిగపల్లెలో దానియేలు తాత ఆ తోలును తంగేడు చెక్క నీళ్ళలో నానబెట్టి, ఎండబెట్టి, మళ్ళీ నానబెట్టి, ఆముదం పట్టించి మెత్తన చేశాడు. అప్పటికే అతని చూపు మందగించింది. వేళ్ళకు మాత్రం ఏమీ తగ్గలేదు. మనిషి మొహం ఎదురుగా పెట్టినా పోల్చుకోలేడు, పాదం పెడితే తాతముత్తాతల పేర్లతో సహా చెప్పేస్తాడు.

యల్లమంద వచ్చి తోలు మీద కాలు పెట్టిన రోజు నాకిప్పటికీ గుర్తే. దానియేలు బొగ్గుముక్కతో పాదం చుట్టూ గీత గీస్తున్నాడు. సగం గీసేసరికి బొటనవేలు కదిలిపోయింది. చెరిపి మళ్ళీ గీశాడు. మళ్ళీ కదిలింది.

"ఏంది అబ్బాయ్, ఈ ఏలు నిలవదా?"

"నిలబెట్టే ఉంచా గదా తాతా."

"మడం నిలబెట్టావ్. ఏలు అప్పుడే పేట పోయింది," అన్నాడు దానియేలు. మూడోసారి గియ్యబోయే ముందు ఆ వేలిని తన ఎడంచేత్తో గట్టిగా అదిమిపట్టాడు.

యల్లమంద కిర్రు కావాలన్నాడు. తను వీధిలోకి వస్తుంటే మలుపు తిరగకముందే ఊరికి తెలియాలన్నాడు. ముప్పై ఏళ్ళ మనిషి, సొంత ట్రాక్టరు, ఎదురుగా ఎవరూ లేకపోయినా మీసం మీద చెయ్యేసుకునే అలవాటు. దానియేలు నవ్వి, "కిర్రు చెప్పులేసుకున్నోడు దొంగతనానికి పనికిరాడు, ఆలోచించుకో," అన్నాడు. యల్లమందకు ఆ మాట హాస్యంగానే వినపడింది. దానియేలు రెండు అట్టల మధ్య వేలెడంత ఎండు తోలుముక్కను కుట్టకుండా వదిలేశాడు. అడుగు పడినప్పుడల్లా ఆ ముక్క రెండిటి మధ్యా నలిగి మూలుగుతుంది. నా మూలుగును జనం దర్జా అనుకునేవారు.

మొదటి ఏడాది నా కాపురమంతా పేటలోనే. పగలు ట్రాక్టరు మీద మిరపకాయ బస్తాలు, దుక్కులు, ఇటుకలు. పొద్దు గూకేసరికి యల్లమంద బొటనవేలు పాదం మీది నా పట్టెడ కింద తాళం వెయ్యడం మొదలుపెట్టేది. రోడ్డు మీద స్నేహితుడి ఆటో హారను రెండుసార్లు మోగితే ఇక అన్నం సగంలో ఉన్నా లేచేవాడు. రేకుల షెడ్డులో ముక్కలు, మందు, చెవులు చిల్లులు పడే పాటలు. తిరనాళ్ళ రోజుల్లో అయితే రికార్డింగ్ డాన్సులు. ఒక ఊరివాళ్ళు కట్టిన ఎత్తైన ప్రభ దగ్గర మొదలుపెడితే నాలుగు ఊళ్ళు తిరిగి తెల్లారేది.

అక్కడి సంగతులు నేను పాదాల ఎత్తు నుంచే చూశాను. పైన నవ్వులు ఎలా ఉండేవో తెలియదు గానీ బల్ల కింద పాదాలు నవ్వేవి కావు. ఒకాయన ఓడిపోతూ బొటనవేలితో నేలను గీరేవాడు, గొయ్యి పడేదాకా. ఇంకొకాయన గెలుస్తున్నా సరే గుమ్మం వైపే పాదాలు తిప్పి కూర్చునేవాడు. యల్లమంద వేలు మాత్రం అక్కడ కూడా నిలిచేది కాదు. పేట వెళ్ళాలని ఊళ్ళో కొట్టుకున్న వేలు, పేట వచ్చాక ఇంకెక్కడికి వెళ్ళాలని కొట్టుకునేదో! తెల్లారుజామున ఆటో దిగి ఇంటికొస్తుంటే అదే కిర్రు ఇంకోలా వినపడేది. దర్జా అంతా షెడ్డులో వదిలేసి మూలుగొక్కటే వెంట తెచ్చుకున్నట్టు.

ఇంకో వింత గమనించాను. ఆ షెడ్డులోకి నన్ను విడవకుండానే పోనిచ్చేవారు. ఎంత లోపలికైనా రావచ్చు, ఎవరూ ఆపరు. మనుషులు తాము గౌరవించే చోట నన్ను బయట వదులుతారని అప్పటికి నాకు తెలియదు.

తెలిసింది కల్లంలో.

మాఘమాసంలో ఎర్రటి మిరపకాయలు చాపల్లా పరుచుకుని ఉన్నాయి. లోడు కోసం వెళ్ళిన యల్లమంద విసురుగా గట్టు దాటి ఒక అడుగు వేశాడు.

"ఎవురది చెప్పులేసుకుని కల్లం తొక్కేది?"

తాలు ఏరే ఆడవాళ్ళ మధ్య నుంచి వచ్చింది ఆ గొంతు. తాలు అంటే రంగు పోయి, పొల్లుగా తేలిపోయిన కాయ. మంచి కాయల్లో పదంటే పది తాలు కాయలు కలిసినా బస్తా ధర పడిపోతుంది. అందుకని వరసగా కూర్చుని, కళ్ళతో కాదు, చేతులతోనే వేరుచేస్తారు. ఆ ముఠాకు పెద్ద నాంచారు. అడిగింది తనే, తల ఎత్తకుండా.

"నేనే, యల్లమందని. లోడుకొచ్చా."

"లోడుకొచ్చావా, మేళంతో వొచ్చావా? ఏంది ఆ కిర్రు?"

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. యల్లమంద తగ్గలేదు. "వొస్తన్నానని తెలవొద్దా మరి! ఎవురికీ చెప్పకుండా వొచ్చేదానికి, చెప్పకుండా పొయ్యేదానికి నేనేమన్నా దొంగనా?"

అప్పుడు తలెత్తింది నాంచారు.

ఆ చూపు ఎందుకో యల్లమందకు అర్థం కాలేదు. నాకు కొన్నాళ్ళకు తెలిసింది. ఆమె మొదటి మొగుడు ఒక తెల్లవారుజామున ఆమె నిద్ర లేవకముందే పిల్లిలా లేచి బెంగుళూరు పనికి వెళ్ళాడు. అంతే. ఉత్తరం లేదు, కబురు లేదు. అయిదేళ్ళు వీధిలో ఏ అడుగు చప్పుడైనా లేచి కూర్చున్నది. చివరికి పెద్దలు పంచాయితీ పెట్టి తెగతెంపులు చేశారు. చేసినా ఆ చెవులు ఊరుకోలేదు. అలాంటి మనిషికి మలుపులోనే తన రాకను చాటుకునే మొగాడు ఎదురయ్యాడు. మీసం చూసో, ట్రాక్టరు చూసో ఆమె మనసు పడిందని రత్తమ్మ అంటుంది. కాదు. నా కిర్రు విని పడింది. గొప్ప చెప్పుకుంటున్నాననుకోండి, నాకున్న గొప్ప అదొక్కటే.

ఆ రోజు యల్లమంద నన్ను గట్టు మీద విడిచి కల్లంలోకి దిగాడు. నేను ఎండలో పడి ఉన్నాను. ఒక గంట గడిచింది. లోడు ఎప్పుడో అయిపోయింది. ఆడవాళ్ళ నవ్వులు, అతని నవ్వూ వినపడుతున్నాయి. నన్ను విడిచిన చోట అతను అంతసేపు నిలవడం అదే మొదటిసారి.

శివరాత్రి వెళ్ళాక కోటప్పకొండ మీద తాళి కట్టాడు. కొత్త కాపురానికి నాంచారు ఇంటికే వచ్చాడు. రెండు గదుల పెంకుటిల్లు, ముందు చిన్న అరుగు, వాకిట్లో ఒక మంచం. మొదటి రాత్రే ఆమె ఒక మాట అంది.

"నాకు మిరప ఘాటుకు రాత్రిళ్ళు దగ్గొస్తది. నీకు నిద్ర సెడతది, ఎండాకాలమంతా నువ్వు వాకిట్లో పడుకో. చెప్పులు మటుకు గడపకు ఎడం పక్క ఇడువు. దగ్గొచ్చి లేచినప్పుడు తలుపు సందులోంచి అయ్యి కనపడితే సాలు. మళ్ళీ పడుకుంటా."

"మంచం మీద మడిసిని చూడవా?"

"సీకట్లో మంచం కనపడదు. గడప కాడ దీపముంటదిగా."

ఆమె ఇంకేమీ అడగలేదు. తాగొద్దనలేదు, ముక్కలు ముట్టొద్దనలేదు, ఒట్లు వేయించుకోలేదు. గడపకు ఎడమ పక్కన రెండు జానల చోటు మాత్రం అడిగింది. ఆ చోటు నాకిచ్చింది. అంతకుముందు నాకంటూ ఒక చోటు లేదు. తెల్లవారి కళ్ళాపి చల్లేటప్పుడు నా చుట్టూ మాత్రం చల్లకుండా వదిలేది. ఆదివారం ఆదివారం తలకు రాసుకోగా చేతికి మిగిలిన ఆముదం నాకు రాసేది. రాస్తూ ఎండుతోలు ముక్క దగ్గర బొటనవేలితో నొక్కి చూసేది. కిర్రుమంటే నవ్వుకునేది.

దాదాపు ఏడాది పాటు యల్లమంద కుదురుగా ఉన్నాడు. అది నటన కాదు. పొలం పని అయ్యాక నాంచారు ఎదురుగా కూర్చుని అతను చెప్పే కబుర్లకు అంతుండేది కాదు. అప్పుడు అతని పాదాలు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోయేవి. బొటనవేలు నిజంగానే నిలిచింది. ఆ ఏడాది నాంచారు ధైర్యం చేసి ఎకరం కౌలుకు తీసుకుని సొంతంగా మిరప వేసింది. ఆకుముడతకు మందు కొట్టడం దగ్గర్నుంచి కోతల దాకా ఇద్దరూ కలిసే చేశారు. పైరు మనిషెత్తు లేకపోయినా ఆమె మాటల్లో ఉండేది.

కోతలైపోయి, కాయ కల్లంలో ఎండుతుండగా తిరనాళ్ళొచ్చాయి. దూరంగా మైకులు మోగాయి. యల్లమంద వేలు కదిలింది.

అతను చెడ్డవాడని మీరు అనుకోవద్దు. నేను అతని పాదాల కింద ఉన్నాను, నాకు తెలుసు. ఇంట్లో ఉంటే ఎక్కడో ఏదో తనను వదిలేసి జరిగిపోతున్నదని బాధ. అక్కడికి వెళితే గడప దగ్గర దీపం గుర్తొచ్చి బాధ. రెండు పడవల మీద కాళ్ళు అంటారు గానీ అతనికి రెండు పడవలూ ముద్దే. ఏ పడవలో ఉన్నా రెండోదాని వైపే చూపు.

ఆ రాత్రి రోడ్డు మీద హారను రెండుసార్లు మోగింది. యల్లమంద మంచం దిగి గడప దగ్గరికి వచ్చి నాలో కాళ్ళు పెట్టాడు. ఒక్క అడుగు వేశాడు. కిర్రు. లోపల నాంచారు దగ్గు ఆగింది. అతను బిగుసుకుపోయి నిలబడ్డాడు. కాసేపటికి మళ్ళీ దగ్గు వినపడింది. మెల్లగా కాళ్ళు బయటికి తీశాడు. మొరగబోయే కుక్కను చూసినట్టు నన్ను చూశాడు. తర్వాత వంగి, నన్ను చక్కగా సర్ది, గడపకు ఎడమ పక్కన, ఎప్పుడూ ఉండేదానికంటే తిన్నగా పెట్టాడు.

వట్టి కాళ్ళతో వెళ్ళిపోయాడు. పిల్లిలా.

కాసేపటికి తలుపు సందులో నాంచారు కన్ను కనపడింది. నన్ను చూసింది. తృప్తిగా వెళ్ళి పడుకుంది. అబద్ధమాడటానికి నోరు అక్కర్లేదని, ఉన్నచోట ఊరికే ఉంటే చాలునని ఆ రాత్రి నేర్చుకున్నాను. జీవితంలో మొదటిసారి అరవాలనిపించింది. కానీ అడుగు పడితే గాని నాకు గొంతు లేదు.

అలా నాలుగు రాత్రులు. అతను తెల్లారకముందే వచ్చి పడుకునేవాడు. దొంగతనానికి చెప్పులు పనికిరావని దానియేలు హెచ్చరించాడు గానీ పాదాలూ పనికిరావని చెప్పలేదు. పొలం గట్ల మీద పల్లేరుకాయలు, బైపాసు మీద తారు. నాంచారు చేతులు తాలు ఏరిన చేతులు. రెండో తెల్లవారుజామునే అతని పాదాల దగ్గర కూర్చుంది. అతను గుర్రు పెడుతున్నాడు. చేతి గాజుకున్న పిన్నీసు తీసి, అరికాలిలో పల్లేరు ముల్లు ఒక్కొక్కటే తీసి, కొంగుకొసకు అంటించుకుంది. తర్వాత నా వైపు చూసింది. నా అడుగున తారు లేదు, దుమ్ము లేదు. నేను శుభ్రంగా ఉన్నాను. శుభ్రంగా ఉన్నందుకు నాకెప్పుడూ అంత సిగ్గు వెయ్యలేదు.

అయినా ఆమె అడగలేదు. తనంతట తను చెబుతాడని చూసింది. అయిదేళ్ళు ఎదురుచూసిన మనిషికి నాలుగు రోజులొక లెక్క కాదు.

అయిదో రాత్రి వాన పడింది. చైత్రంలో ఎవరూ పిలవని వాన. ఉరుము వినపడగానే నాంచారు తలుపు తీసుకుని వచ్చింది. "ఏవయ్యో! వాన! పట్టాలు కప్పాల, లెగు!" గడప దగ్గర నేనున్నాను. మంచం దగ్గరికి పరుగెత్తి తడిమింది. దుప్పటి ఉంది. మనిషి లేడు.

ఆమె అక్కడ ఎంతసేపు నిలబడిందో చెప్పలేను. బహుశా రెండు ఉరుములు. తర్వాత వెనక్కి వచ్చి నాలో కాళ్ళు పెట్టింది. పెద్ద చెప్పులు, చిన్న పాదాలు. అయినా జారకుండా వేళ్ళతో పట్టెడను ఒడిసిపట్టి పరుగెత్తింది. నేను అరిచాను. ఆ వానలో, ఆ బురదలో, నా తోలుముక్క చిట్లిపోయేలా కిర్రు కిర్రున అరిచాను. రత్తమ్మ కిటికీలోంచి, "యల్లమంద కల్లానికి పోతన్నాడు, మొగుడంటే అట్టుండాల," అని తన మొగుణ్ణి లేపడం వినపడింది.

పట్టాలు కప్పాలంటే ఇద్దరు కావాలి. ఒకరు ఒక కొస పట్టుకుంటే ఇంకొకరు రెండో కొస లాగాలి. నాంచారు ఒక కొస మీద రాయి పెట్టి రెండో కొసకు పరుగెత్తితే గాలికి మొదటి కొస లేచిపోయేది. అటు పరుగెత్తితే ఇది. పక్క కల్లం వాళ్ళు వచ్చి సాయం పట్టేసరికి సగం కాయ తడిసింది. తడిసిన కాయ తాలవుతుంది. ఏడాది కష్టంలో సగం, ఆమె ఏరి అవతల పారేసే రకం అయిపోయింది.

తెల్లారాక ఏం జరిగిందో అతని నోట విన్నది చెబుతాను. ఆటో దిగి గట్ల మీద నడిచి వచ్చాడు. గడపకు ఎడమ పక్కన నేను లేను. తలుపుకు తాళం లేదు, ఊరికే దగ్గరికి వేసి ఉంది. తోస్తే తెరుచుకుంటుంది. తొయ్యలేకపోయాడట. ఆ ఖాళీ చోటు చూస్తూ నిలబడ్డాడట. ఆ ఇంట్లో తను లేడని ఆ చోటుకు తెలిసిపోయినట్టు అనిపించిందట.

అక్కణ్ణుంచి కల్లానికి వచ్చాడు. నేను గట్టు మీద బురద ముద్దలా పడి ఉన్నాను. ముఠా ఆడవాళ్ళంతా తడి కాయను ఆరేలా పల్చగా నెరుపుతున్నారు. ఎవరూ పలకరించలేదు. నాంచారు తల ఎత్తలేదు.

ఎంత తప్పు చేసిన మగవాడికైనా మొదట నోట్లోకి వచ్చేది అసలు మాట కాదు. యల్లమందకూ అంతే.

"నా చెప్పులిట్టా ఇయ్యి, ఎల్లిపోతా," అన్నాడు.

"నువ్వెల్లు. చెప్పులు నేనుంచుకుంటా," అంది నాంచారు కాయ నెరుపుతూనే. "అయ్యన్నా రాత్రిళ్ళు ఇంటికాడుంటన్నయి."

ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆపైన కల్లమంతా నవ్వింది. నాంచారు నవ్వలేదు. యల్లమంద చెవులు కాయ కంటే ఎర్రబడ్డాయి. వెనక్కి తిరిగాడు. రోడ్డు కనపడుతూనే ఉంది. పోతే పోవచ్చు, ట్రాక్టరుంది, షెడ్డుంది. నేను అతని బొటనవేలినే చూస్తున్నాను. అది రోడ్డు వైపు ఒకసారి కదిలింది.

వేలు అటు కదిలితే మడమలు ఇటు తిరిగాయి. వచ్చి, ఒక మూల కూర్చుని తడి కాయ మీద చెయ్యేశాడు.

పల్లేరు ముళ్ళు గుచ్చుకున్న అరికాళ్ళు. పచ్చి పుళ్ళు. తడిసిన మిరపకాయల రసం. మూడు నిమిషాల్లో కాళ్ళు అంటుకున్నాయి. కూర్చోలేడు, నిలబడలేడు. ఒక కాలు ఎత్తి ఒక కాలు దించి, పూనకం వచ్చినట్టు గెంతాడు.

"రాత్రి నడిచేటప్పుడు మండలేదా?" అంది నాంచారు.

"మండలా."

"ఇప్పుడు మండుతుందా?"

"మండుతుంది."

"మండనియ్యి. మజ్జిగ తెప్పిత్తా, ముందా మూల నెరుపు."

మజ్జిగ వచ్చింది. కాళ్ళకు పోసుకున్నాడు. పొద్దు గూకేదాకా నెరిపాడు. రెండో రోజు, మూడో రోజు కూడా. ఆ మూడు రాత్రులూ వీధి అరుగు మీద పడుకున్నాడు. ఆమె రమ్మనలేదు, పొమ్మనలేదు. నేను ఇంటి లోపల, తలుపు వెనక ఉన్నాను. లోపలి నుంచి ఆ ఇంటిని చూడటం నాకు అదే మొదలు. ఒక గూట్లో చిన్న గాజు సీసా ఉంది. అందులో పల్లేరు ముళ్ళు. పారెయ్యకుండా దాచింది. ఎందుకో నాకు తెలియదు, అడగడానికి నాకు ఆ ఇంట్లో అంత చనువు లేదు.

నాలుగో రోజు నన్ను గుడ్డలో చుట్టి దానియేలు దగ్గరికి తీసుకెళ్ళింది.

"తాతా, కిర్రు పోయింది. మళ్ళీ పెట్టు."

దానియేలు నన్ను వంచాడు, తట్టాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు. "నానిపోయిందమ్మా. తోలు ఒకసారి అంత గట్టిగా అరిస్తే ఇంక పలకదు. నడవటానికైతే ఇంకా రెండేళ్ళు నడుస్తది."

"నాకెట్టా తెలుస్తది మరి, వొచ్చేది?"

"నోరుంది గందా వాడికి," అన్నాడు దానియేలు.

ఆమె ఆ మాట ఇంటికి తీసుకెళ్ళి యల్లమందకు ఉన్నదున్నట్టు అప్పజెప్పింది. నన్ను మళ్ళీ గడపకు ఎడమ పక్కన పెట్టింది. ఆ సాయంత్రం అతను పొలం నుంచి వస్తూ వీధి మలుపులో ఆగి, గొంతు సవరించుకుని, "నాంచారూ, నేనే," అన్నాడు. చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. మర్నాడూ అన్నాడు. నెల తిరిగేసరికి నవ్వేవాళ్ళు నవ్వడం మానేశారు. ఇప్పుడు ఆ పిలుపు వినపడితే రత్తమ్మ పొయ్యి మీద ఎసరు పెడుతుంది.

ఆ తర్వాత రెండేళ్ళు మూగగా నడిచాను. నా బతుకులో మంచి రోజులు అవే. కిర్రు ఉన్నన్నాళ్ళూ నా చప్పుడే నేను విన్నాను. అది పోయాక అతని మాటలు వినపడ్డాయి, ఆమె మాటలు వినపడ్డాయి, ఇద్దరూ ఏమీ మాట్లాడుకోకుండా గట్టు మీద నడవడం కూడా వినపడింది. కాయ సగం పోయిన ఏడాది గట్టెక్కింది. రెండో ఏడాది మిరప బాగా పండింది. యల్లమంద వేలు పూర్తిగా నిలిచిందని చెబితే అబద్ధమవుతుంది. హారను మోగితే ఇప్పటికీ కదులుతుంది. ఒకసారి రోడ్డు దాకా వెళ్ళి, ఆటోలో ఒక కాలు పెట్టి, దిగి వచ్చాడు. ఇంకోసారి దిగకుండా వెళ్ళాడు కూడా. కానీ వెళ్ళేముందు తలుపు దగ్గర నిలబడి, "తిరనాళ్ళకెల్తన్నా," అని గట్టిగా చెప్పి, నన్ను తొడుక్కుని వెళ్ళాడు.

ఇప్పుడు నా అడుగు అరిగిపోయింది. అతను రబ్బరు చెప్పులు కొనుక్కున్నాడు. చెప్పు ఖర్మ పెంటకుప్పే అంటారు. నాంచారు నన్ను పారెయ్యలేదు. ఇంటి చూరులో దోపింది, దిష్టికి. ఎప్పుడూ నేలకు అతుక్కుని ఉన్నవాణ్ణి, ఇప్పుడు మనుషుల తలల కంటే ఎత్తున ఉన్నాను. ఇక్కణ్ణుంచి కల్లం కనపడుతుంది, రోడ్డు కనపడుతుంది. మొట్టమొదటిసారి వాళ్ళ మొహాలు తిన్నగా కనపడుతున్నాయి. యల్లమంద మీసంలో రెండు తెల్ల వెంట్రుకలున్నాయని ఎవరికీ తెలియదు, నాకు తెలుసు.

ఎవరికి కృతజ్ఞత చెప్పాలో ఇక్కడ తీరిగ్గా కూర్చుని ఆలోచించుకుంటూ ఉంటాను. బండి లాగి లాగి తన వీపు నాకిచ్చిన దున్నపోతుకు. చూపు లేని దానియేలుకు, కిందటేడు పోయాడు, సమాధి దగ్గరికి మీ ఇద్దరూ వెళ్ళి రండని నాంచారే యల్లమందనూ నన్నూ పంపింది. ఆఖరికి ఆ పల్లేరు కాయలకు కూడా. అవే లేకపోతే నేనాడిన అబద్ధం ఇంకెన్నాళ్ళు నడిచేదో. మనుషులు ఒకరినొకరు 'చెప్పుతో కొడతా' అని బెదిరించుకుంటారు. నన్నెవరూ అందుకు వాడలేదు. ఒక ఆడమనిషి, కొట్టడానికి అన్ని విధాలా హక్కున్న రోజున, నన్ను తొడుక్కుని పంట కాపాడుకోవడానికి పరుగెత్తింది. చెప్పుగా పుట్టినందుకు ఇంతకంటే ఏం కావాలి?

నిన్న సాయంత్రం ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. ఆమె గోంగూర గిల్లుతున్నది. అతను కాడలు ఏరి పక్కన పడేస్తున్నాడు.

"పేట మొహం చూసి ఏడాదయింది నాంచారూ," అన్నాడు.

"ఏడు నెలలు. తిరనాళ్ళకెల్లావుగా."

"అది సెప్పి ఎల్లాను. తెల్లారకముందే వొచ్చా గూడా."

"వొచ్చావు."

అతను ఒక కాడ తీసి అటూ ఇటూ తిప్పాడు. చాలాసేపు తిప్పాడు.

"అంటే నేను మారినట్టేగా?"

"మారలా," అంది నాంచారు. "వొస్తన్నావు, అంతే."